పదిహేడో ప్రశ్న దగ్గర చెరిపిన గుర్తులు

విశ్వవిద్యాలయంలో పరీక్షల పరిశోధన కేంద్రం అంటే లోపల ఏదో బ్రహ్మాండం జరిగిపోతుంటుందని బయటివాళ్ళ ఊహ. నిజానికి కింది అంతస్తులో ఓ పొడుగాటి గది, అందులో ఓ స్కానర్, దాని ముందు మిషనమ్మ. హాజరు పట్టీలో తప్ప ఆమె అసలు పేరు ఎక్కడా వినపడదు. పంతొమ్మిదేళ్ళుగా ఆమె చేసే పని ఒకటే. బడిపిల్లలు పెన్సిలుతో గుండ్రాలు దిద్దిన జవాబు పత్రాల కట్ట విప్పి, బొటనవేలితో గలగలా విదిలించి, అంచులు సరిచేసి, మిషను నోటికి అందించడం. ముసురు పట్టిన రోజుల్లో కాగితాలు ఒకదాన్నొకటి వదలవు. అప్పుడు వాటిని బుజ్జగించి విడదీయడం ఆమెకు తప్ప ఇంకెవరికీ చేతకాదు.

ప్రశ్నల సంగతి బయట ఎత్తకూడదని కేంద్రం నియమం. ఆఫీసు మాటొస్తే చాలు మిషనమ్మ నోటికి తాళం పడేసరికి, ఆమె అత్తగారు కోడలు పోలీసు శాఖలో ఉందనుకుని, ఇరుగుపొరుగు వాళ్ళను కొన్నాళ్ళు దడిపించింది కూడా.

ఆ ఏడు అయిదో తరగతి లెక్కల కాగితాలు వచ్చాయి. అసలు పరీక్షకు ముందు ప్రశ్నలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి పెట్టిన పరీక్ష అది. ఎనిమిది వేలమంది రాశారు. వారం తర్వాత, పై అంతస్తులో గణాంకాలు చూసే లెక్కలమ్మాయి చంకలో ల్యాప్‌టాప్‌తో దిగి వచ్చింది. వయసులో మిషనమ్మ కూతురంత ఉంటుంది.

"పిన్నిగారూ, ఈ కాగితాలు మళ్ళీ ఓసారి మిషన్లో పెడతారా? ఎక్కడో తేడా కొడుతోంది."

"నా మిషను తప్పు చదవదమ్మా."

"చదివిందని అనట్లేదండీ. ఒకసారి ఇది చూడండి."

తెర మీద గీతలు. ప్రశ్నకొకటి చొప్పున నలభై. "ఈ చివర లెక్కలంటే జ్వరం వచ్చే పిల్లలు, ఆ చివర బాగా చేసేవాళ్ళు. ప్రశ్న మంచిదైతే గీత ఇటు నుంచి అటు ఎక్కుతూ పోవాలి," అంది లెక్కలమ్మాయి.

మిషనమ్మ కుర్చీ అంచుకు జరిగింది. ఇన్నేళ్ళూ తను అందించిన కాగితాలు పైకి పోయి ఏమవుతాయో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఒకరినొకరు ఎరగని ఎనిమిది వేలమంది పిల్లలు, ఎక్కడెక్కడి గదుల్లోనో కూర్చుని, కూడబలుక్కున్నట్టు ఇంత నున్నటి గీత గీశారా!

పదిహేడో గీత మాత్రం సగం దాకా ఎక్కి, చివర్లో కాలుజారినట్టు కిందికి పడిపోయింది. లెక్కలు బాగా వచ్చిన పిల్లలే అక్కడ తప్పుతున్నారు.

ప్రశ్న చూస్తే ఏమీ లేదు. ఒక బస్సుకు నలభై సీట్లు. బడి నుంచి నూట అరవై మంది పిల్లలు విహారయాత్రకు వెళ్తున్నారు. ఎన్ని బస్సులు కావాలి? మూడా, నాలుగా, అయిదా, ఆరా?

"నాలుగే కదా. పెద్దసారుతో కలిపి అయిదుగురం చూశాం. వంక పెట్టడానికేం లేదు. తీసి పారేద్దామంటున్నారు," అంది లెక్కలమ్మాయి.

మిషనమ్మ లేచి, తెర మీది జాబితా చూసి, మార్కులు ఎక్కువ వచ్చిన కాగితాలు వెతికి తీసింది. ఒక్కొక్కటీ ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుంది. అయిదు దగ్గర నల్లగా దిద్ది ఉంది. దాని పక్కన, నాలుగు మీద, మిషను కంటికి ఆనని బూడిదరంగు మచ్చ.

"వీళ్ళకి జవాబు తెలుసమ్మా. ముందు నాలుగే దిద్దారు. రబ్బరు పెట్టి చెరిపి మరీ మార్చారు."

"కాపీ కొట్టారేమో!"

"కాపీ అయితే ఒక బళ్ళో ఉంటుంది. ఇది ఏ కట్ట విప్పినా ఉంది."

మర్నాడు ఆ మాట పెద్దసారు చెవిన పడింది. ఆయన ఈ కేంద్రానికి అధిపతి, ప్రశ్నల మీద ముప్పై ఏళ్ళుగా తల పండించుకున్న మనిషి. కాగితాలు తనూ లైటు కింద పట్టుకుని చూసి, "ఆ పిల్లల్నే అడుగుదాం. ఆవిడ్ని కూడా బడికి తీసుకురండి," అన్నాడు.

బళ్ళో ఖాళీ తరగతి గది. పొట్టి బల్లల మధ్య పెద్దాళ్ళు ముగ్గురూ మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. మొదట లోపలికి వచ్చిన పిల్ల సన్నగా, పొడుగ్గా ఉంది. తన కాగితం చూడగానే బిక్కమొహం వేసింది.

"చెరపకూడదాండీ?"

"చెరపొచ్చు తల్లీ. ఎందుకు చెరిపావో తెలుసుకుందామని వచ్చాం, అంతే," అంది మిషనమ్మ. అడగాల్సింది లెక్కలమ్మాయి. కానీ మాట ముందే జారిపోయింది.

పిల్ల కాగితం మీది మచ్చను వేలితో చూపించింది. "నాలుగు బస్సుల్లో పిల్లలందరూ సరిపోయారండీ. మరి మేడమ్ వాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?"

"ఏ మేడమ్?" అన్నాడు పెద్దసారు.

"పిల్లల్నొక్కళ్ళనే ఎవరు పంపిస్తారండీ?" అంది పిల్ల, ఈయనకి ఈమాత్రం కూడా తెలియదా అన్నట్టు.

పెద్దసారు కళ్ళజోడు తీసి నవ్వడం మొదలుపెట్టి, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత వచ్చిన తొమ్మిదిమందిలో ఏడుగురు అదే చెప్పారు. ఒకమ్మాయి మాత్రం డ్రైవరు సీటు నలభైలో కలిసిందా లేదా అని ఎదురు ప్రశ్న వేసింది. పెద్దసారు ఆ ప్రశ్నను చీటీ మీద రాసుకున్నాడు.

మిషనమ్మ ఆ పిల్లల్ని కళ్ళార్పకుండా చూస్తూ ఉండిపోయింది. ఒక్కో ప్రశ్నకు నిమిషం కూడా లేని వ్యవధిలో, మార్కు పోతుందేమోనన్న భయం ఉన్నా, వీళ్ళు ఆగి తమ పంతులమ్మకు సీటు వెతికారు. ఎన్నో ఊళ్ళలో ఎంతోమంది, ఎవరూ చెప్పకుండానే.

అసలు పరీక్షలో బస్సులు పోయి పెన్సిలు పెట్టెలు వచ్చాయి. కొత్త ప్రశ్న గీత బుద్ధిగా పైకెక్కింది. అప్పటి నుంచీ ఏ గీత అయినా వంకర పోతే, చెరిపిన గుర్తులు ముందు మిషనమ్మ చూడాలని పెద్దసారు రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చాడు. అత్తగారికి మాత్రం మిషనమ్మ, ఉద్యోగంలో కొంచెం పెద్ద పని ఇచ్చారని చెప్పి ఊరుకుంది.

ఒక మధ్యాహ్నం పాత పత్రాలు దాచే గది తాళంచెవి ఆమె చేతికొచ్చింది. నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా పంతొమ్మిదేళ్ళ కట్టలు. అన్నీ తన చేతుల మీదుగా పోయినవే. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపల లక్షలమంది పిల్లలు తల వంచుకుని ఆలోచిస్తున్నట్టు అనిపించి, గట్టిగా ఊపిరి పీల్చడానికి కూడా మొహమాటపడింది.