తెల్ల జెండాలు కట్టిన పల్లె

యూనివర్సిటీ క్యాంపస్‌లో నేను రిటైరవగానే శ్రీలంక తీరమంతా కారులో తిరగాలని నా భార్య సుశీల ఆశపడింది. ఆమె పోయిన రెండు నెలలకు నేనొక్కణ్ణే వెళ్లాను. సముద్రం పక్కన ఒక పల్లెలో దారి పొడవునా తెల్ల జెండాలు కనిపించాయి. పండగేమోనని డ్రైవర్‌ని అడిగాను.

"కాదు సార్, ఎవరో చనిపోయారు. అందరికీ తెలియాలని ఇలా కడతాం," అని ఇంగ్లిషులో చెప్పి, కారు ఆపి నన్ను ఆ ఇంట్లోకి తీసుకెళ్లాడు. ముక్కూ మొహం తెలియని నాకు కుర్చీ వేసి టీ ఇచ్చారు. చనిపోయినావిడ భర్త నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నా సంగతి ఆయనకు చెప్పుకోవడానికి నాకు వాళ్ల భాష రాదు.

తార్నాక తిరిగొచ్చిన మర్నాడు మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పై అంతస్తు ఆయన పలకరించాడు.

"ఏంది సార్, మేడమ్ కనిపిస్తలేరు? ఊరికి పోయిన్రా?"

అవునన్నాను.