నేలబారున పాకే వాసన

మొన్న మా అమ్మాయి పక్కగదిలో గోళ్ల రంగు తుడుచుకుంటుంటే ఆ సీసా వాసన వంటింట్లో ఉన్న నా దాకా వచ్చింది. మాగిన అరటిపండూ జామపండూ కలిపి నలిపినట్టుండే తీపి వాసన. దాని పేరు ఇథైల్ ఎసిటేట్. నా చెయ్యి దానంతటదే పోయి పొయ్యి ఆర్పేసింది. ఎప్పుడో విడిచిపెట్టి వచ్చిన ఇంకు గదీ, బాలయ్య అన్నా గుర్తొచ్చారు.

సాఫ్ట్‌వేర్ జోరు మీదున్న రోజులవి. మొయినాబాద్ రోడ్డు పక్కన పొలాలు ప్లాట్లవుతుంటే, చేవెళ్లలో నాతో కెమిస్ట్రీ చదివినవాళ్లంతా కంప్యూటర్ కోర్సులకు ఎగబడ్డారు. నేను మాత్రం ఆలూరు నుంచి రోజూ బస్సెక్కి, బిస్కెట్ కవర్లు అచ్చువేసే చిన్న యూనిట్‌లో చేరాను. ఇంకు పలచబడడానికీ, అచ్చయ్యాక చప్పున ఆరడానికీ కలిపే ద్రావకమే ఈ ఇథైల్ ఎసిటేట్. దాన్ని కలిపే ఇంకు గదికి పెద్ద బాలయ్య అన్న. పదో తరగతి దాటలేదు. డిగ్రీ పట్టా ఉందని నేనేమో కొంచెం తల ఎగరేస్తూనే వెళ్లాను. మొదటిరోజే డ్రమ్ము మీదికి వంగి వాసన పీల్చబోతే కేకేసి ఆపాడు.

“వాసన మంచిగున్నదని మోసపోకు చెల్లె. జరసేపైతే ముక్కు దాన్ని మర్చిపోతది, తల తిరుగుడు మొదలైతది.”

ఆయన పనితీరు నాకు వింతగా ఉండేది. డ్రమ్ము నుంచి బకెట్‌లోకి వంచే ముందు రెండింటినీ రాగి తీగతో కలిపి, తీగ కొసను భూమిలో దిగేసిన కడ్డీకి తగిలించేవాడు. ప్లాస్టిక్ బకెట్‌ను గడప దాటనిచ్చేవాడు కాదు. అన్నిటికంటే వింత, గోడకు నేలబారున కొట్టించిన రెండు కంతలు.

“గాలికి కిటికీ పైన గద అన్నా పెట్టేది?” అని అడిగాను.

“పైన ఉన్నప్పుడు తల నొస్తుండె, కింద పెట్టినంక నొస్తలేదు. ఎందుకో నాకెరుక లేదు. సదువుకున్నదానివి, నువ్వే చెప్పు.”

నాకూ తోచలేదు. ఇంటికి పోయి అటక మీది పుస్తకాలు దించి లెక్క వేస్తే విషయం బయటపడింది. తెల్లారి బస్సు దిగి దాదాపు పరుగెత్తాను.

“దీని ఆవిరి గాలికంటె మూడింతలు బరువన్నా! పైకి పోదు, నేలమీద పాకుతది. దూరంల నిప్పు దొరికినా అంటుకొని, మంట మళ్ల డ్రమ్ము దాక వస్తది.”

“గట్లనా! మల్లొకసారి చెప్పు” అంటూ మూడుసార్లు చెప్పించుకున్నాడు. రాగి తీగ సంగతీ అడిగాడు. వంచేటప్పుడు పుట్టే కరెంటు నిప్పురవ్వ కాకుండా భూమిలోకి దిగిపోతుందని చెబితే, ఇన్నేళ్లుగా తాను చేస్తున్నదానికి ఒక కారణం ఉన్నందుకు మురిసిపోయాడు.

ఆ దసరాకు కొత్త అచ్చు మిషన్ వచ్చింది. శంకర్‌పల్లి వర్తకుల కుటుంబానికి చెందిన మా యజమాని, దాని ముందు కర్పూర హారతి ఇవ్వాల్సిందేనన్నాడు. పక్కనే ఇంకు గది. బాలయ్య అన్న తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

“లోపల నిప్పు వద్దు సేటు.”

“అన్ని దుకాణాలల్ల ఇస్తరు. దేవుని పనికి అడ్డం వడితే రేపటి సంది రాకు” అని యజమాని నా వైపు తిరిగాడు. “నువ్వు సదివినవు గదమ్మా. జరంత కర్పూరానికి ఏమైతది, చెప్పు?”

కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం పోతుందని భయం వేసింది. “తలుపులు తీసే ఉన్నయి గద సార్... ఏం కాదనుకుంట” అన్నాను.

బాలయ్య అన్న నా వైపు చూడనైనా లేదు. అందరినీ రమ్మని దూరంగా వాకిట్లోకి పోయి, చూరునీళ్లకు పెట్టే రేకు దోనెను ఏటవాలుగా నిలిపాడు. కింది కొసన దీపం వెలిగించి, పై కొసన చెంచాడు ద్రావకంతో తడిపిన గుడ్డ పెట్టాడు. ఇసుక బకెట్ పక్కనే ఉంచుకున్నాడు. కాసేపు ఏమీ జరగలేదు. ఎవరో నవ్వారు. అంతలో దీపం దగ్గర భగ్గుమన్న మంట దోనె వెంట పైకి పరుగెత్తి గుడ్డను అందుకుంది. యజమాని రెండడుగులు వెనక్కి వేశాడు. చివరికి మిషన్ రబ్బరు రోలర్‌ను విప్పి, బొట్టు పెట్టి, గేటు బయటికి మోసుకుపోయి దానికే హారతి ఇచ్చారు.

మరునాడు “తప్పయింది అన్నా” అన్నాను. ఆయన తీగ తగిలిస్తూ, కోపం లేకుండానే జవాబిచ్చాడు.

“నేలమీద పాకుతదని నాకు చెప్పింది నువ్వే గద చెల్లె. నీ మాట నమ్మే అడ్డం నిలవడ్డ.”

ఇప్పుడు ఫ్యాక్టరీల్లో భద్రతా తనిఖీలు చేయడం నా పని. పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లు “ఏం కాదు కదా మేడం?” అని నవ్వుతూ అడుగుతారు. ఆ దసరా నాటి భయం నాకు ఇప్పటికీ పోలేదు. అయినా, “అవుతుంది సార్” అంటాను.