రాజేశం మాస్టర్ కొట్టిన ఇంజన్ నంబరు

2023 ఫిబ్రవరిలో జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను సూరత్ దగ్గర హజీరాలో ఉద్యోగం నుంచి రిటైరై మూడేళ్లయింది. ముప్పై ఏళ్లకు పైగా ఒక పెద్ద ఫ్యాక్టరీలో వెల్డింగ్ అతుకులు పరీక్షించి, బాగున్నాయో లేదో రాసి సంతకం పెట్టడమే నా పని. రిటైరయ్యాక ఒక స్నేహితుడి కోసం ఒక పాత కారు చూసి పెట్టాను. ఆ నోటా ఈ నోటా పాకి అదే చిన్న వృత్తిగా మారింది. సూరత్ చుట్టుపక్కల ఎవరైనా ఆన్‌లైన్‌లో పాత కారు చూసి కొనాలనుకుంటే, కొనేవాళ్ల తరఫున నేను వెళ్లి చూసి రిపోర్టు ఇస్తాను. అంతకుముందు ఏడాది నా భార్య పోయింది. ఇంట్లో పగళ్లు గడవక, వచ్చిన పని ఏదీ కాదనేవాణ్ణి కాదు.

ఈ వ్యాపారంలో ధర అంతా ఒక్క మాట మీద ఉంటుంది: ఒరిజినల్. ఫ్యాక్టరీలో వేసిన రంగే, అప్పటి ఇంజనే, అప్పటి సీట్లే ఉన్నాయని చెబితే విలువ రెండు మూడింతలు అవుతుంది. అందులోనూ 'మ్యాచింగ్ నంబర్స్' ముఖ్యం. కారు ఫ్రేం మీద ఛాసిస్ నంబరు, ఇంజన్ మీద ఇంజన్ నంబరు చెక్కి ఉంటాయి. రెండూ ఆర్సీ పుస్తకంలోని నంబర్లతో కలవాలి. కలవని చోట కలిపేవాళ్లు ఉంటారు. పాత నంబరు అరగదీసి, కావలసిన నంబరు మళ్లీ కొడతారు. దీన్ని రీస్టాంపింగ్ అంటారు. దొంగబండ్లకు చేసేది కూడా ఇదే.

బార్డోలీ నుంచి హస్ముఖ్‌భాయ్ అనే చెరకు రైతు ఫోన్ చేశాడు. సూరత్ శివారు డిండోలిలో ఒక పాత ఫియట్ అమ్మకానికి ఉందని, ప్రకటన పంపిస్తున్నానని చెప్పాడు. అందులో ఇలా ఉంది: ఫుల్లీ ఒరిజినల్, మ్యాచింగ్ నంబర్స్, ఇంజన్ ఎప్పుడూ మార్చలేదు, సెంటిమెంటల్ సేల్. "పాత కార్ల ర్యాలీలో పెట్టాలి. ఒరిజినల్ అయితేనే తీసుకుంటాను. కథలు వద్దు" అన్నాడు.

మర్నాడు ఉదయం డిండోలి వెళ్లాను. రెండు గదుల ఇల్లు, పక్కన రేకుల షెడ్డు, అందులో లేత నీలం ఫియట్. అమ్మేది భాగ్యమ్మ. యాభై అయిదేళ్లుంటాయి, సిరిసిల్ల వైపు మనిషి. ఆమె భర్త రాజేశం పవర్‌లూమ్ షెడ్డులో మాస్టర్, అంటే మగ్గాలు ఆగిపోతే మళ్లీ నడిపించే మెకానిక్. పోయి ఎనిమిది నెలలయిందని చెప్పింది. కూతురు స్నేహ సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, ఏదో కంపెనీ ఆఫీసులో చేస్తోంది. ప్రకటన రాసింది ఆమే.

"మా సేఠ్ షెడ్డు ఎన్క తుక్కుల పడి ఉండె సారూ గీ బండి" అంది భాగ్యమ్మ. "ఈయన తాడు గట్టి గుంజుకొచ్చిండు. తుప్పు పట్టనియ్యకు, నడిపేటోని చేతుల పెట్టు అని దవాఖానల చెప్పిండు. నాకు నడుపుడు రాదాయె."

రంగు రెండోసారి వేసిందే, అది దాచలేనంత స్పష్టంగా ఉంది. ఛాసిస్ నంబరు బాగుంది. బానెట్ ఎత్తి ఇంజన్ బ్లాక్, అంటే ఇంజన్‌కు మొండెం లాంటి పోత ఇనప దిమ్మ, దాని పక్కన తుడిచి చూశాను. నంబరు కొట్టే చోట చదునైన చిన్న జాగా ఉంటుంది. ఫ్యాక్టరీలో దాన్ని మిషన్‌తో కోస్తారు కాబట్టి సన్నని గీతలన్నీ ఒకే వైపు ఉంటాయి. ఇక్కడ ఆకురాయితో రాసిన అడ్డదిడ్డం గీతలు ఉన్నాయి. అంకెలు లోతుగా ఉన్నాయి. నంబరులో రెండు చోట్ల ఉన్న నాలుగు అంకెల్లో ఒకటి కొంచెం పక్కకి ఒరిగింది. చేత్తో సుత్తి పట్టి కొట్టిన నంబరు అది. ఆర్సీలో ఉన్న నంబరుతో మాత్రం సరిగ్గా కలిసింది.

"ఇంజన్ ఎప్పుడైనా మార్చారా అమ్మా?" అని అడిగాను.

"మార్చలే సారూ. బయటోని చెయ్యి పడనియ్యలే దీనిమీద."

ఆమె తడుముకోకుండా చెప్పింది. ఇన్నేళ్లలో అలా తడుముకోకుండా అబద్ధం చెప్పినవాళ్లను చాలామందిని చూశాను. ఇంకేమీ అడగలేదు. గేటు బయటికొచ్చి హస్ముఖ్‌భాయ్‌కి ఫోన్‌లో రెండు వాక్యాలు రాసి పంపాను: ఇంజన్ నంబరు మళ్లీ కొట్టారు. మోసం, వదిలేయండి.

టీ తాగి వెళ్లమని భాగ్యమ్మ పిలిచింది. కాదనలేక లోపల కూర్చున్నాను. కప్పు ఇంకా చేతిలో ఉండగానే స్నేహ ఫోన్ పట్టుకుని వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది.

"అంకల్, మీరేం చెప్పారు ఆయనకి? పప్పాని చోర్ అంటున్నడు. చోరీ కా మాల్, పోలీసులకు పట్టిస్త అంటున్నడు."

భాగ్యమ్మ నా వైపు చూసింది. "ఏంది సారూ, ఏమైంది?"

చెప్పాను. నంబరు అరగదీసి మళ్లీ కొట్టి ఉందని, ఈ పని సాధారణంగా దొంగబండ్లకు చేస్తారని చెప్పాను. ఆమె అడిగిన ప్రశ్న నేను ఊహించనిది.

"నంబర్ కొడితే దొంగతనమైతదా?"

లేచి బండి ఉన్న షెడ్డు మూలనున్న ఇనప పెట్టె తెరిచి, చిన్న కొయ్య డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అందులో సుత్తితో కొడితే ఇనుము మీద అంకె పడే ఉక్కు పంచ్‌లు తొమ్మిది. ఆరును తిరగేస్తే తొమ్మిది, అందుకని పది అంకెలకు తొమ్మిదే ఉంటాయి. నాలుగు అంకె ఉన్న పంచ్ తీసి చూశాను. ఇంజన్ మీద చూసిన నాలుగు అదే.

"మగ్గం ముక్క ఏదన్న ఇరిగితే కొత్తది ఏస్తరు గద" అంది. "ఏసినంక దానిమీద ఆ మగ్గం నంబర్ కొట్టాలె. పన్నెండో మగ్గం ముక్క అయితే పన్నెండు. కొట్టకపోతే రెండో షిఫ్టోళ్లు ఇప్పుకపోయి వాళ్ల మగ్గానికి ఏస్కుంటరు. షెడ్డుల రివాజే గది. ఈయన ముప్పై ఏండ్లు గదే పని చేసిండు."

"మరి ఇంజన్?"

"ఒకయేడు చలికాలంల బ్లాక్ పగిలింది. తుక్కు బజార్ల ఇంకోటి దొరికింది. నెల రోజులు ఇంట్ల నిద్ర లేదు, అన్నం మీద ధ్యాస లేదు. బిగిచ్చినంక మన బండి నంబర్ దానిమీద కొట్టిండు. ఇగ ఇది మనదే అన్నడు."

"ఇంజన్ మార్చలేదన్నారు కదమ్మా."

"ఖాలీ బ్లాక్ మార్చిండు సారూ. ఇంజన్ యాడ మార్చిండు?"

స్నేహ తల పట్టుకుంది. "మమ్మీ, బ్లాకే ఇంజన్. నీకు తెల్వదు, యాడ్ రాసేటప్పుడు నాకూ తెల్వదు. నేను వేరే యాడ్స్ చూసి రాసినా అంకల్. అన్నిట్ల ఒరిజినల్, ఒరిజినల్ అనే ఉంది."

ఆమె అన్నది నిజమే. ఆ ప్రకటనలన్నీ నేనూ రోజూ చదువుతాను. ఒకళ్ల మాటలు ఇంకొకళ్లు దించుకుంటారు.

ఆ మధ్యాహ్నం మగ్గాల షెడ్డుకు కూడా వెళ్లి చూశాను. రాజేశం పనిచేసిన మగ్గాల మీద విడిభాగాలన్నింటికీ అంకెలు ఉన్నాయి. అవే పంచ్‌లు, కొన్ని చోట్ల అదే ఒరిగిన నాలుగు. బయటికొచ్చి హస్ముఖ్‌భాయ్‌కి ఫోన్ చేశాను. నంబరు మళ్లీ కొట్టిన మాట వాస్తవం, మోసం అన్న మాట నా తొందర, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. జరిగింది వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"బరాబర్. చోర్ అన్నందుకు ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేస్తాను. బండి మాత్రం నాకొద్దు. నాకు కావలసింది ఒరిజినల్" అన్నాడు. అందులో తప్పేమీ లేదు.

ప్రకటనలో ఒరిజినల్ అన్న మాట తీసేసి ఊరుకుందామని స్నేహ అంది. కొనేవాడు బ్లాక్ పక్కన తుడిచి చూస్తాడా ఏమిటి అని ఆమె వాదన. చూడకపోవచ్చు. కాని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చూస్తారని, అప్పుడు కొన్నవాడు ఇరుక్కుంటాడని చెప్పాను. దారి ఒకటుంది. ఆర్టీవో ఆఫీసులో ఉన్నది ఉన్నట్టు రాసిచ్చి, బ్లాక్ మార్చినట్టు ఆర్సీలో ఎక్కించుకోవాలి. నెలలు పట్టవచ్చు. ఒప్పుకోకపోతే బండి తుక్కు కిందే లెక్క.

స్నేహ తల్లి వైపు చూసింది. భాగ్యమ్మ అంది: "ఆయన దొంగ గాదని కాయితం మీద ఉండాలె బిడ్డా. బండి పోతే పాయె."

ఆఫీసుకు ఇవ్వడానికి బండిలో ఏమేమి మారాయో రాసిపెట్టమన్నాను. స్నేహ టైపు చేసింది, భాగ్యమ్మ చెప్పింది. క్లచ్ కేబుల్. వెనక స్ప్రింగులు. డ్రైవర్ వైపు అద్దం జారిపోతుంటే మగ్గంలో అటూ ఇటూ తిరిగే కొయ్య నాడె విరిగింది తెచ్చి, ముక్క కోసి లోపల ఆనించాడట. ప్రతిదానికీ ఏ కాలంలో చేశాడో, అప్పుడు స్నేహ ఏ క్లాసులో ఉందో కూడా చెప్పేది. "పక్క సీటు జర ముందుకు జరిపిండు. నా కాళ్లు కిందికి అందయి గదా. ఆదివారం ఆదివారం డుమస్ సముద్రం దాకా పొయ్యేటోళ్లం. గది గూడ రాయి."

"మమ్మీ, ఇవన్నీ రాయరు. యే సబ్ నహీ జాతా ఇస్‌మే."

"ఎందుకు పోదు? ఆయన చేసిందే గద."

స్నేహ నా వైపు చూసింది. సీటు సంగతి రాయవచ్చని చెప్పాను. డుమస్ సంగతి రాయలేదు. ఆ ఆదివారాల గురించి భాగ్యమ్మ ఇంకా చాలాసేపు చెప్పింది. ఇసకలో దిగబడ్డ చక్రం, వేడి భజియాలు, తిరిగొచ్చేటప్పుడు ఆయన మాట్లాడకుండా నడపడం. నేను వింటూ కూర్చున్నాను. నాకు ఇంటికి వెళ్లి చేయాల్సిన పని ఏదీ లేదు.

మూడు నెలలు తిరిగాం. దరఖాస్తు, అఫిడవిట్, మగ్గాల యజమాని ఇచ్చిన ఉత్తరం, నా రిపోర్టు. చివరికి అధికారి బండి చూశాడు. పంచ్‌ల డబ్బా కూడా తెరిపించి చూశాడు. కేసు పెట్టాల్సిన పని లేదన్నాడు. అయితే సొంతంగా కొట్టిన నంబరు ఉండకూడదు. దానిమీద గీత కొట్టి, పక్కన ఆఫీసు ఇచ్చిన కొత్త నంబరు వేయాలి.

పాత నంబరు కొట్టేసే ముందు దాని పెన్సిల్ ప్రింట్ తీస్తారు. అంకెల మీద పల్చటి కాగితం ఆనించి, పైన పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి. ఫైల్లో పెట్టడానికి అది సాక్ష్యం. ఆఫీసు మనిషి ఒకటి తీసి ఫైల్లో అంటించాడు. ఉలి అందుకోబోతుంటే భాగ్యమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"భయ్యా, ఏక్ ఔర్ నికాలో. మేరే లియే."

"ఇదర్ ఏక్ హీ లగ్తా హై మౌసీ."

"ముఝే లగ్తా హై." ఆఫీసుకు ఒకటే చాలని అతను, తనకూ ఒకటి కావాలని ఆమె.

అతను నా వైపు చూశాడు. నేను జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. రెండోది తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని మడవకుండా రెండు చేతులతో పట్టుకుని పక్కకు జరిగింది. గీత కొట్టేటప్పుడు అటు చూడలేదు.

మరుసటి నెల బండి అమ్రోలిలో ఒక బ్యాంకు ఉద్యోగి కొనుక్కున్నాడు. ఒరిజినల్ బండికి వచ్చే ధర రాలేదు. మార్చినవన్నీ రాసిన కాగితం ఆయన అడిగి మరీ తీసుకున్నాడు.

ఆ ఫిబ్రవరిలో నేను పంపిన రెండు వాక్యాల్లో మొదటిది ఈ రోజు కూడా అలాగే రాస్తాను. నంబరు మళ్లీ కొట్టి ఉంటే కొట్టి ఉందనే రాయాలి. భాగ్యమ్మ బాధ చూసి దాన్ని దాచి ఉంటే అది నా వృత్తికి చేసిన ద్రోహం అయ్యేది. రెండో వాక్యం రాయడానికి నా దగ్గర ఆధారం లేదు. నేను చూసింది ఇనుము మీద అంకెలను. కొట్టిన మనిషిని చూడలేదు, అతని గురించి ఎవరినీ అడగలేదు. ఆ మనిషి నాకు జవాబు చెప్పుకోలేని చోట ఉన్నాడు. ఇప్పుడు ఏ బండిలో ఏ తేడా కనిపించినా, ఇది ఎవరు చేశారు, వాళ్లేం పని చేసేవారు అని ముందు అడుగుతాను. చాలాసార్లు జవాబు అబద్ధమే వస్తుంది. అయినా అది వినేవరకు రిపోర్టు పంపను.