గోడ తాగిన నీళ్లు

మా ఊళ్లో ఎక్కడ తవ్వినా మూడడుగులకే బండ తగులుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. అందుకే పాత ఇళ్లన్నీ ఒకే తీరు: మోకాలెత్తు రాతి పునాది, దానిమీద మూరెడు మందం ఎర్రమట్టి గోడ, పైన దూలాలమీద చౌడుమట్టి పోసిన మిద్దె. అలాంటి గోడలు పెట్టడమే మా బాపు పని. ఒక వరుస పెట్టాక, అది ఆరేదాకా ఎవరు తొందరపెట్టినా రెండో వరుస ముట్టేవాడు కాదు.

తెలంగాణ వచ్చాక నాకు నల్గొండలో ఉద్యోగం దొరికింది. నాకు పెళ్లి సంబంధం మాట్లాడటానికి ఎవరో ఒకరు ఇంటికి వచ్చేవారు. గోడకు ఆనుకుంటే వాళ్ల చొక్కాలకు మట్టి అంటేది. నాకు తల కొట్టేసినట్టుండేది. లోపలా బయటా సిమెంటు పూయిద్దామన్నాను.

"వద్దు బిడ్డా," అన్నాడు బాపు. "మన గోడ వానకు నీళ్లు తాగుతది, ఎండకు ఇడుస్తది. గిట్ల మూతి కట్టేస్తె ఆ నీళ్లు ఏడికి పోతయి?"

"నీ కాలం పోయింది బాపూ. జర ఊకో."

అమ్మ నావైపే మాట్లాడింది. "పిలగాడు జెప్పినట్టె జేద్దాం. నాకూ అలుకుడు తప్పుతది." ఏటేటా గోడలు అలికి ఆమె చేతులు పగిలిపోయి ఉండేవి. పూత ఆరిన రోజు నున్నటి గోడను అరచేత్తో నిమిరి చూసుకుంది.

రెండేళ్లు బాగానే గడిచాయి. మూడో ఏడు ముసురు పట్టి ఐదు రోజులు విడవలేదు. ఆరో రోజు పొద్దున నేను ఆఫీసులో ఉండగా పక్కింటాయన ఫోను: "జల్ది రా. మీ వంటింటి గోడ కూలింది."

బస్సు దిగి ఉరికేసరికి అమ్మను బయటికి తీసి చాపమీద పడుకోబెట్టారు. గోడతోపాటు మిద్దె కూడా ఆమెమీద పడింది. ఊపిరి లేదు. బాపు తడిగుడ్డతో ఆమె నోట్లో మట్టి తుడుస్తున్నాడు. నేను కూలిన గోడ పెళ్లను చేతిలోకి తీసుకున్నాను. సిమెంటు పెంకు గట్టిగానే ఉంది. మిద్దె మీంచి దిగిన నీళ్లు బయటికి పోలేక లోపలి మట్టి మెత్తటి ముద్దలా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

దినాలయ్యాయి. నేనే ఉండబట్టలేక, "తిట్టు బాపూ," అన్నాను.

"తిడితె వస్తదా? నేను గూడ గట్టిగ చెప్పకపోతి. కొడుకు ఇల్లు మంచిగ జేపిస్తుండని మురిసిన."

మర్నాడు గడ్డపార తెచ్చి మిగిలిన గోడల సిమెంటు పూత రాలగొట్టడం మొదలుపెట్టాడు. నేనూ ఉలి పట్టుకున్నాను. వారం పట్టింది. ఆ తర్వాత బాపు ఎవరికీ గోడ పెట్టలేదు. మట్టి గోడే మనిషిని మింగిందనుకున్నారేమో, పిలిచేవాళ్లు కూడా రాలేదు.