బాపు సైకిల్‌కు చిన్న సంచి

నాన్నను మేం బాపు అంటాం. ఆయన సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికుడు. పని దిగాక బట్ట తాన్లను తన సైకిల్ మీదే సాంచాల యజమాని సేటు గోదాముకు చేర్చాలి. దానికి కూలి లేదు. ఈ రోజు పొద్దున క్యారియర్‌కు సంచి కొనడానికి ఇద్దరం బజారుకు పోయాం. నేను పెద్దది తీశాను. బాపు రెండు తాన్లు పట్టే చిన్నది పట్టుకున్నాడు.

"పెద్దది తీస్కో బాపు, మళ్ల మళ్ల కొంటమా?"

"పెద్దగుంటే సేటు ఇంకో రెండు తాన్లు ఏస్తడు. జాగ ఉన్నది గదా అంటడు."

"మొయ్యనని చెప్పరాదు?"

"నా పక్కపొంటి పనిచేసే రాజన్న చెప్పిండు బిడ్డా. గిప్పుడు ఆయన సాంచాలు ఇంకోడు నడుపుతుండు."

శ్రమ దోపిడీ మీద ఇన్ని కరపత్రాలు చదివిన నేనే పెద్ద సంచిని తిరిగి కొక్కేనికి తగిలించాను. చిన్నదే కొన్నాం.

సాయంత్రం బాపు ఇంటికి వచ్చేసరికి సంచికి కొత్త తాడు చుట్టి ఉంది. ఎక్కడిదని అడిగాను.

"సంచి చిన్నగైందని సేటు ఇచ్చిండు. మిగిలిన తాన్లు పైన కట్టుకొమ్మన్నడు."

తాడు ఉచితమేనట. సేటు ఉదారత మీద మీ అభిప్రాయం కింద రాయండి.