నాన్న చెప్పిన నాలుగు వేలు

భిలాయి ఖుర్సీపార్‌లో మా నాన్నకి సైకిల్ రిపేరు కొట్టు ఉండేది. దాని వెనకే మా ఇల్లు. ఉక్కు ప్లాంటు షిఫ్టులకి వెళ్ళే సైకిళ్ళే మాకు అన్నం పెట్టాయి. తొంభైల మొదట్లో ఒక్కొక్కరే స్కూటర్లు కొనుక్కోసాగారు. కొట్టు ముందు బెంచీ మీద కబుర్లు చెప్పేవాళ్ళు తగ్గలేదు గానీ పంక్చర్లు మాత్రం తగ్గిపోయాయి.

ఆ రోజుల్లోనే నాకు రాయపూర్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు మా వల్ల అయ్యే పని కాదు. సర్కారు లోన్ స్కాలర్‌షిప్ ఒకటుందని స్కూల్లో మాస్టారు చెప్పారు. చదువుకున్నన్నాళ్ళూ ఇస్తారు, ఉద్యోగం వచ్చాక తిరిగి కట్టాలి. తండ్రి ఆదాయం తక్కువని తహసీలు ఆఫీసు నుంచి కాగితం తేవాలి. ఆ కాగితం ఉంటే చదువు, లేకపోతే ఇంట్లో కూర్చోవడమే.

విచారణకి పట్వారీ, అంటే అక్కడి కరణం, కొట్టుకే వచ్చాడు. బెంచీ మీద పక్క కిరాణా కొట్టు మావయ్య ఉన్నాడు. ఆయనదీ మా శ్రీకాకుళం వైపే. మావాళ్ళకి ఒక జబ్బు ఉంది. ఊరొదిలి ఇంత దూరం వచ్చినవాళ్ళం కదా, సంపాదన ఎంతని ఎవరడిగినా ఉన్నదానికి రెండింతలు చెప్తారు. పెళ్ళిలో అడిగినా అంతే, రైల్లో అడిగినా అంతే. పట్వారీ అడగ్గానే నాన్న మావయ్య వైపు ఓసారి చూసి, "చార్ హజార్, సాహబ్" అన్నాడు. నెలకి నాలుగు వేలన్నమాట. నిజానికి పదిహేను వందలు వచ్చిన నెల మా అమ్మ పాయసం వండేది.

వారానికి కాగితం వచ్చింది. కాలేజీ గుమస్తా దాన్ని చూసి, ఇంత ఆదాయం ఉంటే లోన్ రాదని వెనక్కి ఇచ్చేశాడు. గడువు ఇంకా నాలుగు రోజులే. ఇంటికొచ్చి నాన్న మీద విరుచుకుపడ్డాను. "నీ గొప్పలకి నా చదువు పోయింది, చాలా?" అన్నాను. నాకు నోరు ముందు, బుద్ధి తర్వాత. నాన్న చేతిలోని ట్యూబుని నీళ్ళలో ముంచి, గాలి ఎక్కడ పోతోందో చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు కొట్టు మూసి, నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని దుర్గ్ తీసుకెళ్ళాడు. తహసీలు ఆఫీసు వరండాలో అందరూ వింటూండగానే, తను చెప్పింది అబద్ధమని పట్వారీతో అన్నాడు. పట్వారీ నవ్వాడు.

"ఆదాయం తగ్గించి చెప్పేవాళ్ళనే చూశాను. నువ్వు పెంచి చెప్పావంటే నమ్మాలా?" అన్నాడు హిందీలో. చివరికి, ఇరుగుపొరుగు ఇద్దరు సంతకం పెట్టి రాసిస్తే చూస్తానన్నాడు.

ఇప్పుడు నాన్న ఎవరి ముందు గొప్ప చెప్పుకున్నాడో వాళ్ళనే వెళ్ళి అడగాలి. ఇంటికి పోకుండా సరాసరి కిరాణా కొట్టు ముందు సైకిల్ ఆపాడు.

"బావా, ఆ దినం నాను సెప్పింది అబద్దం. నాకు పదిహేనొందలే వస్తన్నాయి. పాప సదువు కోసం నువ్వు సంతకం ఎట్టాల."

పప్పు తూస్తున్న మావయ్య చెయ్యి ఆగింది. నాకు ఏడుపొచ్చింది. ముందురోజు నేనన్న మాటలు వెనక్కి తీసుకోవాలనిపించింది.

"నాకు తెల్దేటి?" అన్నాడు మావయ్య. "నువ్వు నాలుగేలంటే నాను అయిదేలని సెప్పుకు తిరగతన్నాను. నాకు మాత్రం వస్తన్నాయేటి? వచ్చే ఏడు మావోడికీ ఈ కాయితమే కావాల. అప్పుడు నువ్వు ఎట్టుదువుగాని."

తను సంతకం పెట్టి, ఎదురింటాయన్ని కేకేసి ఆయన చేతా పెట్టించాడు. పట్వారీ కాగితం మార్చి ఇచ్చాడు. గడువు ఆఖరి రోజున ఫారం ఇచ్చాను, లోన్ వచ్చింది.

చదువయ్యాక భిలాయిలోనే ఒక చిన్న ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. మొదటి జీతం అందిన వారంలో బెంచీ మీద ఎవరో, "పాపకి జీతం ఎంతేటి?" అని అడిగారు. ఎంత పెంచుతాడోనని లోపల్నుంచి చెవులు రిక్కించాను. నాన్న ఒక్క రూపాయి కూడా కలపకుండా చెప్పాడు. ఆ తర్వాత గొంతు పెంచి, "అందులో సర్కారు అప్పు కూడా కట్టాల. మా పాపని నమ్మి సర్కారోడు అప్పిచ్చాడు" అన్నాడు.

ఆ మాట కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. చివరి వాయిదా కట్టేశానని నేను రసీదు చూపించిన రోజున, కాస్త దిగులుపడ్డాడు కూడా.