నల్లావుని ఎండలోకి తెచ్చిన రోజు

మా చిన్నప్పుడు... మా పెద్దలు ఓడెక్కి పనికొచ్చిన దీవిలో, షెమాన్ గ్రెనియే అనే ఊరి దగ్గర చెరుకు తోటల కూలీల కాంపులో ఆవుల్ని పగలు బయటికి తీసేవాళ్లం కాదు. జోరీగల భయం! పాకకి కిటికీ ఉండేది కాదు, గుమ్మానికి గోనెపట్టా. గడ్డి కోసుకొచ్చి ఆ చీకట్లోనే వేసేవాళ్లం.

మా అక్క పశువుని చూడటం నేర్చుకుంది ఆ చీకట్లోనే... చేత్తో. పళ్లు తడిమి వయసు చెప్పేది, పొదుగు తడిమి ఎన్ని పాలిస్తుందో చెప్పేది. మహా గడుసుది!

ఆ ఏడు తోట దొర మా కాంపు పిల్లలకి పోటీ పెట్టాడు. ఎవరి పశువుని వాళ్లు తోలుకురావాలి. అన్నిటినీ వరసలో నిలబెడితే, ఏది మేలైనదో, ఎందుకో చెప్పాలి. నెగ్గితే పెయ్యదూడ. నాన్న లేని ఇల్లు మాది... ఆ ఒక్క ఆవు పాలతోనే పొయ్యి వెలిగేది. రెండోది వస్తుందంటే ఇక చెప్పాలా!

"వద్దే తల్లీ, పగలు తీస్తే జోరీగలు పీక్కుతింటాయి," అంది అమ్మ.

"ఒక్క పూటేనమ్మా! పెయ్య మనదైపోద్ది!" అక్క అన్నం మానేసి కూర్చుంది. అమ్మ ఏం చేస్తుంది... సరేనంది.

ఎండలోకి తెచ్చి చూస్తే మా నల్లావు నల్లది కాదు, ముదురు ఎరుపు! అందరం పడీపడీ నవ్వాం.

దొరని అక్కడ 'ముసే' అనేవాళ్లం. ఆయన అడిగితే అక్క తడుముకోలేదు. "మాది కాదు ముసే, ఆ చివరిది మేలు. మాదానికి పొదుగు చిన్నది." సొంత ఆవుని వెనకేసుకు రాలేదని దొర మెచ్చుకుని, పెయ్య పగ్గం అక్క చేతికిచ్చాడు.

ఆ వరసలో ఏదో పశువుకి అప్పటికే రోగం ఉందట. దాన్ని కుట్టిన జోరీగలే మిగతావాటినీ కుట్టాయి. కొన్నాళ్లకి మా ఆవు మేత మానేసింది. అక్క దాని ఒంటిమీద చెయ్యి వేసి, "కాలిపోతోందమ్మా..." అని ఏడ్చింది. ఆవు పోయింది. వెనకే పెయ్యా పోయింది. కాంపులో ఒక్కో పాకా ఖాళీ అయింది.

చెరుకు లాగే ఎడ్లూ పోయాయి. తోటకి పట్టాల మీద నడిచే బళ్లొచ్చాయి... మాకేం రాలేదు. అమ్మ కూలికి వెళ్లింది. అక్కని ఒక్క మాట కూడా అనలేదు. అదే అక్కని లోపల్లోపల తినేసింది.

ఇప్పుడు స్కూళ్లలో పిల్లలకి ఆవు బొమ్మ చూపించి, అది మేలైనదో కాదో చెబితే మార్కులు వేస్తున్నారు. మా అక్క మాత్రం చివరిదాకా ఏ పశువు ఎదురొచ్చినా మొహం తిప్పుకునేది.

నెగ్గి, ఉన్నది కూడా పోగొట్టుకున్నవాళ్లు మీ ఇళ్లలో ఉన్నారా? ఉంటే చెప్పండి... అక్కకి వినిపించే రోజులు దాటిపోయాయి. అయినా చెప్పండి.